ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నా, అమ్ముతున్నా: సొలిసిటర్ని ఎంచుకోవడం ఎలా?

మన దగ్గర ఇల్లు కొంటే ఒకరోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గడపాలి. ఫొటో, వేలిముద్ర, ఇద్దరు సాక్షులు, బయట దస్తావేజు లేఖరి బల్ల పక్కన టీ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇల్లు మనదైందన్న సంగతి ఒంటికి తెలిసిపోతుంది. ఇంగ్లండ్‌లో అలాంటి రోజంటూ ఉండదు. ఏదో శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు మీటింగ్‌లో ఉండగా ఫోనొస్తుంది: ‘అయిపోయింది, ఏజెంట్ దగ్గర తాళాలు తీసుకోండి’ అని. అంతకు ముందు మూడు నాలుగు నెలలు పని నడిపించింది మీరు ఒక్కసారి కూడా మొహం చూడని మనిషి కావచ్చు. ఆ మనిషే సొలిసిటర్, అంటే ఇంటి కాగితాల పని చూసే లాయర్.

మేము రెడింగ్‌లో మొదటి ఇల్లు కొన్నప్పుడు అందరికన్నా తక్కువ కోట్ (ఫీజు అంచనా) ఇచ్చిన ఆన్‌లైన్ సంస్థని పట్టుకున్నాం. మూడు నెలల్లో మా ఫైలు మూడు చేతులు మారింది. వచ్చిన ప్రతి కొత్త మనిషీ మొదటి మెయిల్లోనే పాస్‌పోర్ట్ కాపీ మళ్ళీ అడిగేవాళ్ళు. అమ్మేవాళ్ళు విసిగిపోయి ఇల్లు తిరిగి మార్కెట్లో పెట్టబోతే ఏజెంట్ బతిమాలి ఆపాడు. కొన్నేళ్ళకి అదే ఇల్లు అమ్మి ఇంకోటి కొనేటప్పుడు ఊళ్ళోనే ఉన్న చిన్న ఆఫీసుకి వెళ్ళాం. ఫీజు నాలుగొందల పౌండ్లు ఎక్కువ. కానీ మొదటి రోజు మాట్లాడినావిడే చివరి రోజు దాకా మాట్లాడింది. ఆ రెండు అనుభవాల మధ్య నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ వరకే. స్కాట్లండ్ పద్ధతి వేరు, అక్కడ ఆఫర్ పెట్టేదే సొలిసిటర్ ద్వారా.

1. ఇల్లు దొరక్కముందే చూసుకోండి

ఆఫర్ ఒప్పుకున్న గంటలోనే ఏజెంట్ ‘మీ సొలిసిటర్ వివరాలు పంపండి’ అంటాడు. అప్పటికి మీ చేతిలో పేరు లేకపోతే తన దగ్గరున్న పేరు అంటగడతాడు. ఇల్లు పోతుందేమోనన్న టెన్షన్‌లో సరే అనేస్తాం.

ఇక్కడ ఒక సంగతి మన బుర్రకి ఓ పట్టాన ఎక్కదు. ఆఫర్ ఒప్పుకోవడం అంటే వట్టి నోటిమాట. మనలా అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నట్టు కాదు. ‘ఎక్స్ఛేంజ్ ఆఫ్ కాంట్రాక్ట్స్’ అయ్యేవరకు ఎవరైనా, ఏ కారణం చెప్పకుండానైనా, తప్పుకోవచ్చు. ఎక్కువ ఇచ్చేవాడు దొరికాడని అమ్మేవాళ్ళు మీకు చెయ్యిచ్చినా చట్టం అడ్డురాదు. దీన్నే గజంపింగ్ అంటారు. ఎక్స్ఛేంజ్ రోజున, సాధారణంగా ధరలో 10 శాతం డిపాజిట్ కట్టాకే, ఇద్దరూ కట్టుబడినట్టు. అంటే ఆఫర్ నుంచి ఎక్స్ఛేంజ్ దాకా ఇల్లు గాల్లో దీపమే. ఆ కాలాన్ని సాగదీసేదీ, కుదించేదీ చాలావరకు సొలిసిటరే. అందుకే ఇళ్ళు చూడటం మొదలెట్టిన వారంలోనే ఇద్దరు ముగ్గురితో మాట్లాడి ఒక పేరు ఖాయం చేసుకోండి. ఫైలు తెరిచి, గుర్తింపు తనిఖీలు ముందే పూర్తి చేయమంటే చాలామంది చేస్తారు.

2. ముందు రిజిస్టర్‌లో పేరు చూడండి

ఈ పని చేసేవాళ్ళు రెండు రకాలు. సొలిసిటర్లని సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, అంటే ఎస్ఆర్ఏ, నియంత్రిస్తుంది. లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు ఆస్తి పనులే చేసే నిపుణులు. వాళ్ళ మీద కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్ ఉంటుంది. మామూలు కొనుగోలుకి ఎవరైనా ఒకటే. విడాకులు, వారసత్వం, పొరుగువాళ్ళతో సరిహద్దు గొడవ లాంటివి కలిసి ఉంటే సొలిసిటర్ మేలు.

రెండు సంస్థల రిజిస్టర్లూ ఆన్‌లైన్‌లో ఉచితం. సంస్థ పేరు, చిరునామా అక్కడ ఉన్నట్టే వెబ్‌సైట్లో ఉన్నాయో లేదో పోల్చి చూడండి. నిజమైన సంస్థ పేరు వాడుకుని నకిలీ వెబ్‌సైట్ పెట్టే మోసాలు ఇక్కడ మామూలే. లా సొసైటీ ఇచ్చే కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు ఉందేమో కూడా చూడండి. ఉంటే మంచిదే కానీ, మీ ఫైలు చూసే మనిషి మంచివాడని అది హామీ ఇవ్వదు.

లోన్ తీసుకుంటుంటే ఇంకో మెలిక ఉంది. మీ సొలిసిటరే సాధారణంగా బ్యాంకు తరఫున కూడా పనిచేస్తారు. అందుకని ఆ బ్యాంకు ప్యానెల్లో, అంటే అది ఒప్పుకున్న లాయర్ల జాబితాలో, వాళ్ళ పేరుండాలి. లేకపోతే బ్యాంకు ఇంకో లాయర్ని పెట్టి, ఆ ఖర్చు మీ నెత్తిన వేస్తుంది. పెద్ద బ్యాంకులతో పేచీ ఉండదు, ఇళ్ళకి లోన్లిచ్చే చిన్న బిల్డింగ్ సొసైటీలతోనే చిక్కు. మొదటి ఫోన్లోనే అడిగేయండి.

3. ‘లోకల్’ అంటే ఎంత దూరం?

సెర్చెస్, అంటే ఇంటి గురించి కౌన్సిల్ లాంటి వాళ్ళ దగ్గర తీసే వివరాలు, అన్నీ ఇప్పుడు ఆన్‌లైన్. మన ఈసీ, లింక్ డాక్యుమెంట్లలా కట్టలు కట్టలు కాగితాలు తిరగేసే పని కూడా ఇక్కడ చాలావరకు లేదు, ల్యాండ్ రిజిస్ట్రీలో ఉన్న ఎలక్ట్రానిక్ రికార్డే హక్కు పత్రం. కాబట్టి మాంచెస్టర్‌లో కూర్చుని మిల్టన్ కీన్స్ ఇల్లు చేయించవచ్చు.

అయినా స్థానికులకి తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. డరమ్, సౌత్ వేల్స్ లాంటి చోట్ల ఇంటికింద పాత బొగ్గు గనులు, కార్న్‌వాల్‌లో తగరం గనులు, చెషైర్‌లో ఉప్పు తోడిన నేల కుంగడం. ఆ ప్రాంతంలో రోజూ పనిచేసేవాళ్ళు ఏ సెర్చ్ తెప్పించాలో ఆలోచించాల్సిన పనే ఉండదు. ఫలానా ఎస్టేట్‌లో రోడ్ల బాధ్యతని స్థానిక కౌన్సిల్ ఇంకా తీసుకోలేదనీ, ఫలానా బ్లాక్ మేనేజ్‌మెంట్ కంపెనీ కాగితాలివ్వడానికి రెండు నెలలు తిప్పుతుందనీ వాళ్ళకి నోటి మీద ఉంటుంది. పైగా అవసరమైతే తలుపు తోసుకుని వెళ్ళి కూర్చోవచ్చు. మా ఆవిడ ఒకసారి సంతకాలకని వెళ్ళి, పనిలో పనిగా నెల రోజులుగా తేలని ఒక ప్రశ్న పది నిమిషాల్లో తేల్చుకొచ్చింది.

కాబట్టి నా లెక్కలో లోకల్ అంటే మైళ్ళు కాదు: పేరున్న మనిషి, ఆ మనిషి ఫోన్ నంబర్, ఆ ప్రాంతం గురించిన ఎరుక. మూడూ ఉంటే ఇరవై మైళ్ళ అవతలున్నా లోకలే.

పేర్లు ఎక్కడ దొరుకుతాయంటారా? ఎస్టేట్ ఏజెంట్ చెప్పే పేరుకి అతనికి రెఫరల్ ఫీజు ముట్టొచ్చు. అది దాచకుండా చెప్పాలని నిబంధన ఉంది, ఎంతో నేరుగా అడగండి. ఏజెంట్ చెప్పాడు కాబట్టి చెడ్డవాళ్ళే అనుకోనక్కర్లేదు, కానీ రేపు తేడా వస్తే వాళ్ళ మొగ్గు ఎటో ఊహించుకోండి. మార్ట్‌గేజ్ బ్రోకర్ చెప్పే పేర్లకీ ఇదే వర్తిస్తుంది. ఆ ఊళ్ళో గత ఏడాది కొన్నవాళ్ళు చెప్పే పేరుకి విలువెక్కువ. తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగితే అరగంటలో పది పేర్లు వస్తాయి. అప్పుడు ‘బాగా చేశాడా?’ అని కాదు, ‘ఫైలు ఎవరు చూశారు, మెయిల్‌కి ఎన్నాళ్ళకి జవాబిచ్చారు?’ అని అడగండి. సగం పేర్లు అక్కడే రాలిపోతాయి. ‘మన తెలుగాయనే’ అన్న ఒక్క మాట మీద మాత్రం వెళ్ళకండి. భాష కలిస్తే హాయే, కానీ రిజిస్టర్ చూడటం మానొద్దు.

4. ఫోన్ చేసి మాట్లాడండి

ఆన్‌లైన్ కోట్ ఫారం నింపి ఊరుకోవద్దు. ఫోన్ చేయండి. ఎవరెత్తారు, ఎంతసేపటికి ఎత్తారు అన్నదే మొదటి పరీక్ష. అమ్మకాల విభాగం వాళ్ళు తియ్యగా మాట్లాడతారు, వాళ్ళతో తర్వాత మీకు పనుండదు. ఫైలు చూసే మనిషితోనే రెండు నిమిషాలు మాట్లాడాలని అడగండి. కుదరదంటే అదే మీకు జవాబు.

నేను అడిగిన ప్రశ్నలివి. నా ఫైలు మీరే చూస్తారా, సెలవు పెడితే ఎవరు చూస్తారు? ఇప్పుడు మీ చేతిలో ఎన్ని ఫైళ్ళున్నాయి? (అంకె చెప్పడానికి తటపటాయిస్తే చాలానే ఉన్నాయన్నమాట.) మెయిల్‌కి ఎన్నాళ్ళలో జవాబిస్తారు? ఈ బ్యాంకు ప్యానెల్లో ఉన్నారా? సెర్చెస్ మొదటి వారంలోనే పెడతారా, అవతలి కాంట్రాక్ట్ కాగితాలు వచ్చేదాకా ఆగుతారా? డిపాజిట్‌లో కొంత ఇండియా నుంచి వస్తుంది, అలాంటివి ఇంతకుముందు చేశారా?

ఆఖరి ప్రశ్నకి రెండోసారి మేము ఎంచుకున్నావిడ చెప్పిన జవాబు ఇప్పటికీ గుర్తుంది: ‘చేశాను, మీ నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇవాళే అడగండి, అవి రావడానికే అందరికన్నా ఎక్కువ టైం పడుతుంది.’ అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాం.

5. కోట్‌లో కనపడని అంకెలు

2018 డిసెంబరు నుంచి ఎస్ఆర్ఏ కింద ఉన్న సంస్థలు ఇళ్ళ కొనుగోలు, అమ్మకాల ధరల వివరాలు వెబ్‌సైట్లో పెట్టాలి. అయినా పెద్ద అక్షరాల్లో ఉండే అంకెని నమ్మొద్దు. అది వట్టి లీగల్ ఫీజు. దాని మీద 20 శాతం వ్యాట్, ఆ కింద సెర్చెస్, ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చార్జీ. ఇవి ఎవరి దగ్గరైనా ఉండేవే.

తేడా అంతా ‘అదనపు పని’ పేరుతో వేసే వాటిలో ఉంటుంది. లీజ్‌హోల్డ్‌కి (నేల వేరొకరిది, మనది ఇన్నేళ్ళని లీజు) ఇంత, లోన్ ఉంటే ఇంత, బహుమతిగా వచ్చిన డిపాజిట్‌కి ఇంత, స్టాంప్ డ్యూటీ ఫారం నింపడానికి ఇంత, విదేశీ డబ్బు తనిఖీకి ఇంత. మాకు మొదటిసారి ఆరొందల కోట్ చివరికి రెట్టింపు దాటింది. మీ పరిస్థితి మొత్తం, లోన్, ఇండియా డబ్బు, లీజ్‌హోల్డా ఫ్రీహోల్డా (నేలతో సహా సొంతమా) అన్నీ, మెయిల్లో రాసి ‘వీటన్నిటితో కలిపి చివరి బిల్లు ఎంత?’ అని అడగండి. కొనుగోలు చెడిపోతే ఎంత కట్టాలో కూడా అడగండి. ‘పని పూర్తవకపోతే ఫీజు లేదు’ అన్నా, సెర్చెస్‌కి పెట్టిన డబ్బు తిరిగిరాదు.

6. ఇండియా ఇల్లు, ఇండియా డబ్బు

మనవాళ్ళు సొలిసిటర్ని ఎంచుకోవడంలో అసలు గట్టిగా చూడాల్సింది ఇక్కడే.

ముందు స్టాంప్ డ్యూటీ (ఇది ఇంగ్లండ్‌కే, వేల్స్‌లో ఈ పన్నూ రేట్లూ వేరు). 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం, మొదటిసారి కొనేవాళ్ళకి ఇంటి ధర 5 లక్షల పౌండ్లు మించకపోతే మొదటి 3 లక్షల పౌండ్ల మీద పన్ను లేదు. కానీ ‘మొదటిసారి’ అంటే ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ ఇల్లు లేనివాళ్ళని అర్థం. మియాపూర్లో ఫ్లాట్ కొని ఆ తర్వాత అమ్మేసినా మీరు మొదటిసారి కొనేవాళ్ళు కాదు. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరికీ ఆ అర్హత ఉండాలి.

ఆ ఫ్లాట్ ఇంకా మీ పేరనో, మీ భార్య లేదా భర్త పేరనో ఉండి, ఆ వాటా విలువ 40 వేల పౌండ్లు లేదా అంతకు మించి ఉంటే, పైన ఇంకో 5 శాతం సర్‌చార్జ్ పడే అవకాశం ఉంది. 4 లక్షల పౌండ్ల ఇంటికి లెక్క చూడండి. నిజంగా మొదటిసారి కొనేవాళ్ళు కట్టేది 5 వేలు. మామూలు రేటు 10 వేలు. సర్‌చార్జ్‌తో 30 వేలు. ఒక్క ప్రశ్న ముందే అడగకపోతే పడే తేడా అది.

వారసత్వం ఇంకా చిక్కు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లితో పాటు పిల్లలందరికీ ఇంట్లో వాటా వస్తుంది. గుంటూరు ఇల్లు అమ్మదేనని మనసులో అనుకుంటాం, కాగితం మీద మనకీ భాగముంటుంది. సర్‌చార్జ్ లెక్కలో, గత మూడేళ్ళలో వారసత్వంగా వచ్చిన సగానికి మించని వాటాకి మినహాయింపు ఉంది. మొదటిసారి కొనేవాళ్ళ రాయితీకి అలాంటి వెసులుబాటు లేదు. పొలం, ఖాళీ స్థలం ఇళ్ళ కింద లెక్కకి రావు. ఇదంతా దాచకుండా సొలిసిటర్‌కి చెప్పండి. ‘ఇండియాలోది వీళ్ళకేం తెలుస్తుంది’ అని చెప్పేవాళ్ళు దొరుకుతారు, వినకండి. సంతకం మీది, తప్పుడు రిటర్న్ మీదే. ‘విదేశీ ఆస్తి ఉంటే నేను సలహా ఇవ్వను, ట్యాక్స్ నిపుణుణ్ణి అడగండి’ అని సొలిసిటర్ అంటే అది నిజాయితీయే. ఆ మాట మొదటి వారంలో అన్నాడా, ఎక్స్ఛేంజ్ ముందురోజు అన్నాడా అన్నదే తేడా.

ఇక డబ్బు. మనీ లాండరింగ్ చట్టం వల్ల డిపాజిట్‌లో ప్రతి పౌండూ ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళు చూడాలి. మా మొదటి కొనుగోలుకి మా నాన్న తెనాలి నుంచి పంపిన సొమ్ములో కొంత చిట్టీ పాడిన డబ్బు. లైన్లో ఉన్న కుర్రాడికి చిట్టీ అంటే ఏంటో చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. ‘అంటే లాటరీయా?’ అన్నాడు. కాదు నాయనా, పాట అన్నాను. ‘అంటే జూదమా?’ అన్నాడు. చివరికి రిజిస్టర్డ్ చిట్ ఫండ్ కంపెనీ పాస్‌బుక్, పాట మొత్తం నాన్న ఖాతాలో పడిన రోజు స్టేట్‌మెంట్ పంపితే శాంతించాడు. రిజిస్టర్డ్ కాబట్టి సరిపోయింది. ఇక్కడ స్నేహితులు కలిసి నడుపుకునే నోటి చిట్టీ అయితే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదు.

కాబట్టి ముందే సర్దుకోవాల్సినవి: డబ్బు ఇచ్చేవాళ్ళ గుర్తింపు పత్రం, కనీసం ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ‘ఇది బహుమతి, తిరిగి అడగను, ఇంట్లో వాటా కోరను’ అని సంతకం చేసిన ఉత్తరం. స్థలం అమ్మిన డబ్బయితే సేల్ డీడ్, తెలుగులో ఉంటే దాని అనువాదం. ఇండియాలో ఉండే తల్లిదండ్రులు ఆర్‌బీఐ పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకే పంపగలరు. మీ ఎన్ఆర్ఓ ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు తెచ్చుకోవచ్చు, దానికి సీఏ సర్టిఫికెట్లు కావాలి. నలుగురి ఖాతాల నుంచి ముక్కలు ముక్కలుగా తెప్పించారో, నలుగురి స్టేట్‌మెంట్లూ అడుగుతారు. ఒకే దారిలో, ఇల్లు చూడటం మొదలెట్టినప్పుడే తెప్పించుకోండి.

అమ్మానాన్నలు పెద్ద మొత్తం పెట్టినా, భార్యాభర్తలు వేర్వేరు మొత్తాలు పెట్టినా, ఇల్లు ఇద్దరి పేరా ఎలా రాయాలో సొలిసిటర్ని వివరంగా అడగండి. ‘జాయింట్ టెనెంట్స్’ అయితే ఒకరు పోతే మొత్తం రెండోవాళ్ళకే. ‘టెనెంట్స్ ఇన్ కామన్’ అయితే ఎవరి వాటా వాళ్ళది. ఫారంలో ఒక గడిలో టిక్ పెట్టించుకుని ఊరుకునే సొలిసిటర్ సగం పనే చేసినట్టు.

7. ఫ్లాట్లు, కొత్త ఇళ్ళు

ఫ్లాట్లు దాదాపు అన్నీ లీజ్‌హోల్డే. లీజులో ఎన్నేళ్ళు మిగిలాయి, గ్రౌండ్ రెంట్ (నేల యజమానికి కట్టే అద్దె) పెరుగుతుందా, సర్వీస్ చార్జ్ (భవనం నిర్వహణ ఖర్చు) ఎంత, ఎత్తైన భవనమైతే బయటి గోడల భద్రతా కాగితాలున్నాయా అన్నవి చదివి మామూలు మాటల్లో చెప్పగలిగేవాళ్ళు కావాలి. లీజ్‌హోల్డ్ రోజూ చేసేవాళ్ళనే పట్టుకోండి.

కొత్త ఇల్లయితే బిల్డర్ తన సొలిసిటర్ల పేర్లిచ్చి, వాళ్ళయితే కార్పెట్లు ఉచితమంటాడు. తీసుకోవాలని బలవంతం చేయలేడు. 28 రోజుల్లో ఎక్స్ఛేంజ్ చేయాలని గడువు పెడతారు కాబట్టి మీ సొలిసిటర్ ఆ వేగం అందుకోగలరా అని మాత్రం ముందే అడగండి. ఫ్రీహోల్డ్ ఇంటికీ ఎస్టేట్ చార్జ్ (కాలనీ ఉమ్మడి నిర్వహణ ఖర్చు) ఉండొచ్చు, మీ సొలిసిటర్ దాన్ని వెతికి చెప్పాలి.

8. అమ్మేటప్పుడు

అమ్మేటప్పుడు ఇంత పరీక్ష అక్కర్లేదు, కానీ త్వరగా పెట్టుకోవడం ఇక్కడ ఇంకా ముఖ్యం. బోర్డు పెట్టిన రోజే సొలిసిటర్ని పెట్టుకుని టీఏ6 అనే ఇంటి వివరాల ఫారం, టీఏ10 అనే సామాన్ల ఫారం నింపేయండి. కిటికీలు 2002 ఏప్రిల్ తర్వాత మార్చి ఉంటే అవి నిబంధనల ప్రకారం పెట్టారని చెప్పే ఫెన్సా సర్టిఫికెట్, లాఫ్ట్ గానీ వెనక గది గానీ కట్టి ఉంటే బిల్డింగ్ రెగ్యులేషన్స్ కాగితం, బాయిలర్ కాగితం వెతికి ఉంచండి. ఫ్లాటయితే మేనేజ్‌మెంట్ ప్యాక్ (మేనేజ్‌మెంట్ కంపెనీ ఇచ్చే కాగితాల కట్ట) ఆ రోజే ఆర్డర్ చేయించండి, ఆలస్యమంతా దాని దగ్గరే. అద్దెకిచ్చిన ఇల్లు లాభానికి అమ్మి పన్ను కట్టాల్సి వస్తే కంప్లీషన్ (డబ్బు చేతులు మారి తాళాలు ఇచ్చే రోజు) నుంచి 60 రోజుల్లో పన్ను శాఖకి చెప్పి కట్టాలి. ఇది మీ సొలిసిటర్ గుర్తుచేయకపోవచ్చు. అమ్మకం పూర్తికాకుండానే ఇండియాకి వెళ్ళిపోతుంటే సంతకాలు, సాక్షులు, గుర్తింపు తనిఖీ ఎలా జరగాలో విమానం ఎక్కకముందే తేల్చుకోండి.

9. పెట్టుకున్నాక

సొలిసిటర్ బ్యాంకు ఖాతా వివరాలు మొదటి రోజే తీసుకుని, మీరు వెతికి పట్టుకున్న నంబర్‌కి ఫోన్ చేసి సరిచూసుకోండి. ‘మా ఖాతా మారింది, డిపాజిట్ ఇక్కడికి పంపండి’ అని మెయిల్ వస్తే అది మోసమే అనుకోండి. మెయిళ్ళని హ్యాక్ చేసి సరిగ్గా డబ్బు కదిలే రోజున కొట్టే దెబ్బ ఇది. శుక్రవారాలు ఎక్కువ కంప్లీషన్లు జరుగుతాయి కాబట్టి దానికి ‘ఫ్రైడే ఆఫ్టర్‌నూన్ ఫ్రాడ్’ అని పేరే పడిపోయింది.

పని నచ్చకపోతే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. మధ్యలో సొలిసిటర్ని మార్చడం కుదురుతుంది, కానీ రెండు ఫీజులు, రెండు మూడు వారాల ఆలస్యం తప్పవు.

ముహూర్తం సంగతి కూడా మొదటి ఫోన్లోనే చెప్పండి. కంప్లీషన్ తేదీ మీ ఒక్కరి చేతిలో ఉండదు, చైన్‌లో, అంటే ఒకరి ఇల్లు అమ్మితేనే ఇంకొకరు కొనగలిగే వరుసలో, ఉన్న అందరికీ కుదరాలి. ఎక్స్ఛేంజ్ రోజున తేదీ పడ్డాక ఆషాఢం వచ్చిందనో, మూఢం వచ్చిందనో మార్చమంటే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. మా సొలిసిటర్ ఫైలు మీద ‘మంగళవారం వద్దు’ అని రాసుకుంది. మాకు బుధవారమే దొరికింది. తాళాలు ఆ రోజు తీసుకుని, పాలు పదకొండు రోజుల తర్వాత మంచిరోజు చూసి పొంగించాం, స్మోక్ అలారం కింద కాకుండా.